అడుగున మట్టి, పైన నీళ్లు: మొక్కల అక్వేరియం పెట్టుకోవడం ఎలా

గాజు తొట్టిలో మట్టి పోసి నీళ్లు నింపితే బురదే కదా అవుతుంది అని ఎవరికైనా అనిపిస్తుంది. నాకూ అలాగే అనిపించింది. మొదటిసారి నింపిన రోజు నిజంగా బురదే అయింది కూడా. తప్పు మట్టిది కాదు, బకెట్టు ఎత్తి కుమ్మరించిన నా చేతిది. చెరువులో, కాలువలో మొక్కలు పెరిగేది మట్టిలోనే, వాటికి రంగురాళ్లు ఎవరూ వేయలేదు. అమెరికాకు చెందిన డయానా వాల్‌స్టాడ్ 1990ల చివర్లో ఈ తరహా తొట్టెలకు బాగా ప్రచారం తెచ్చారు. అందుకే చాలామంది దీన్ని వాల్‌స్టాడ్ పద్ధతి అంటారు.

ఒక మాట ముందే చెప్పేస్తాను. ఇందులో మొదటి ఆరు వారాలూ నీళ్లు మోయడం, ఎదురుచూడడం తప్ప చూసి మురిసిపోయేది పెద్దగా ఉండదు. ఆ ఆరు వారాలు చేపలు వేయకుండా ఆగగలిగితే తర్వాత పని చాలా తగ్గిపోతుంది. ఆగలేం అనుకుంటే మట్టి జోలికి పోకండి. ఉత్త కంకర వేసుకుని, రాళ్లకు కట్టే మొక్కలతో మొదలుపెట్టండి.

తొట్టి, దాని చోటు

మరీ చిన్న తొట్టి వద్దు. నీళ్లు తక్కువైతే ఏ చిన్న పొరపాటైనా గంటల్లో చేపల ప్రాణం మీదికి వస్తుంది. 60 సెంటీమీటర్ల పొడవు, 30 వెడల్పు, 36 ఎత్తు ఉన్న తొట్టి మొదటిసారికి సరిపోతుంది. అంచు దాకా లెక్కేస్తే దాదాపు 65 లీటర్లు. నీళ్లు, మట్టి, కంకర, గాజు అన్నీ కలిపి 80 కిలోల దాకా తూగుతుంది కాబట్టి ఊగే బల్ల మీద, పుస్తకాల అర మీద పెట్టకండి. రసమట్టం పెట్టి చూడండి. అంచులకు ఫ్రేము లేని తొట్టి అయితే కింద పలుచటి థర్మోకోల్ షీటు పరిస్తే చిన్నచిన్న ఎత్తుపల్లాలు సర్దుకుంటాయి.

కిటికీ వెలుతురు కాస్త పడితే నష్టం లేదు. ఎండ నేరుగా గంటలకొద్దీ కొట్టే చోటు మాత్రం వద్దు, నీళ్లు వేడెక్కుతాయి, పాచి పట్టేస్తుంది. లైటు, పంపు వైర్లు ప్లగ్గుకు చేరేముందు ఒకసారి ప్లగ్గు కన్నా కిందికి వేలాడేలా పెట్టండి. వైరు వెంట జారే నీటి చుక్క ఆ వంపు దగ్గర నేల మీద పడిపోతుంది, ప్లగ్గులోకి పోదు. తొట్టిలో చెయ్యి పెట్టేముందు అన్నీ ఆపేయండి.

ఎలాంటి మట్టి?

ఇక్కడ మాత్రం తొందర పనికిరాదు. కుండీ మొక్కకు మంచిదైన మట్టి తొట్టికి కూడా మంచిదే అన్న హామీ ఏమీ లేదు. కుండీలో వేళ్లకు గాలి ఆడాలని పెర్లైట్ అనే తేలికపాటి తెల్ల గుళికలు, కొబ్బరి పొట్టు కలుపుతారు. నీళ్లలో అవి పైకి తేలి తొట్టి నిండా తిరుగుతాయి. నెమ్మదిగా కరిగే ఎరువు గుళికలు, పిండి ఎరువులు, పచ్చి పేడ ఉన్న మట్టి ఇంకా ప్రమాదం. వాటిలోని నత్రజని నీళ్లలోకి అమ్మోనియాగా దిగుతుంది. చేపలకు అది విషం.

బలం ఎక్కువ ఉంటే మొక్కలు బాగా పెరుగుతాయని నేనొకసారి సరిగ్గా మాగని పశువుల ఎరువు కలిపిన మట్టి వేశాను. మూడో రోజుకి నీళ్లు ముదురు గోధుమరంగులోకి తిరిగాయి. అమ్మోనియా పరీక్ష రంగు చార్టులో చివరి గడి దాకా పోయింది. రెండు నెలలు నీళ్లు మారుస్తూనే ఉన్నాను. మొక్కలు బతికాయి కానీ నా నడుము పట్టేసింది.

మీకు కావలసింది మామూలు తోట మట్టి. ఇసుక, ఒండ్రు, బంకమన్ను మూడూ తగుపాళ్లలో ఉన్న గరప మట్టి అయితే మరీ మంచిది. పురుగుమందు, కలుపుమందు కొట్టని చోటు నుంచి, రోడ్డుకి దూరంగా, పై పొర నుంచి తీసుకోండి. అందులో బంకమన్ను ఉండడం లాభమే. అది పోషకాలను పట్టి ఉంచి వేళ్లకు కొంచెం కొంచెంగా ఇస్తుంది. అలాగని మొత్తం బంకమన్నే వేస్తే గట్టిపడి వేళ్లు దిగవు. ఎర్రమట్టిలో ఇనుము ఎక్కువ కాబట్టి గుప్పెడు కలిపితే మంచిదే. వానపాముల ఎరువు కలపాలనిపిస్తే పదో వంతుకి మించనివ్వకండి, నేనైతే అదీ కలపను.

మట్టి నచ్చిందా, ముందు ఒక గాజు సీసాలో పరీక్షించండి. మూడో వంతు మట్టి, మిగతా నీళ్లు పోసి బాగా కుదిపి ఒక రోజు వదిలేయండి. ఇసుక నిమిషంలో అడుగుకి చేరుతుంది, దాని మీద ఒండ్రు, పైన బంకమన్ను. తేలేదంతా చెత్త. మూడు నాలుగు రోజులకు కూడా పైనున్న నీళ్లు తేరుకోకపోతే, లేదా కంపు కొడితే, ఆ మట్టి పక్కన పెట్టేయండి. ఇంకో పరీక్ష: పొడి మట్టి మీద నాలుగు చుక్కల వెనిగర్ వేయండి. బుసబుస పొంగితే అందులో సున్నం ఉంది. నీళ్ల గట్టిదనాన్ని, అంటే నీళ్లలో కరిగిన సున్నపు ఉప్పుల్ని, అది పెంచుతూ పోతుంది. గప్పీలకు అది ఇష్టమే కానీ మెత్తటి నీళ్లు కోరే చేపలకు కాదు.

ఇక జల్లెడ పట్టడం. రాళ్లు, పుల్లలు, వేళ్ల ముక్కలు తీసేయండి. తర్వాత మట్టిని బకెట్టులో నానబెట్టి, తేలిన చెత్త పారబోసి, పలుచగా పరిచి ఎండబెట్టండి. మళ్లీ నానబెట్టండి, మళ్లీ ఎండబెట్టండి. ఇలా మూడు నాలుగు సార్లు చేస్తే త్వరగా కుళ్లే పదార్థం చాలావరకు ముందే కుళ్లిపోతుంది, కరిగే ఉప్పులు, నత్రజని కొంత బయటే పోతాయి. రెండు మూడు వారాలు పట్టే పని ఇది. చేయకపోయినా తొట్టి నడుస్తుంది. చేసినవాళ్లకు మాత్రం మొదటి నెల టెన్షన్ సగానికి సగం తగ్గుతుంది.

పరచడం

తడిపి ముద్దలా చేసిన మట్టిని 2.5 సెంటీమీటర్ల మందాన పరచండి. పైన చెప్పిన తొట్టికి నాలుగున్నర లీటర్లు చాలు. ఎక్కువ వేస్తే ఎక్కువ మేలు అనుకోకండి. మందం పెరిగే కొద్దీ అడుగున ఆక్సిజన్ అందని భాగం పెరుగుతుంది. ముందు గాజు వైపు రెండు సెంటీమీటర్లు మట్టి లేకుండా వదిలేసి అక్కడ కంకరే వేస్తే చూడ్డానికి శుభ్రంగా ఉంటుంది.

మట్టి పైన మూతలా కంకర వేయాలి, అదీ 2.5 సెంటీమీటర్లే. రెండు మూడు మిల్లీమీటర్ల గింజ ఉన్నది ఎంచుకోండి. అంతకన్నా పెద్ద రాళ్లయితే సందుల్లోంచి మట్టి పైకి వస్తుంది. మరీ సన్న ఇసుక అయితే బిగుసుకుపోయి కింద గాలి బుడగలు చిక్కుకుంటాయి. ఇసుకే కావాలనుకుంటే ముతక ఇసుక తీసుకుని రెండు సెంటీమీటర్లు దాటకుండా వేయండి. కంకర మీద కూడా వెనిగర్ పరీక్ష చేయండి. కడిగిన నీళ్లు తేటగా వచ్చేదాకా కడగండి.

పెద్ద రాళ్లు, మొద్దులు పెట్టేదుంటే మట్టి వేయకముందే అడుగు గాజు మీద నిలబెట్టి, చుట్టూ మట్టి పోయండి. మట్టి మీద బరువైన రాయి పెడితే కింద గాలి ఆడక ఆ చోటే కుళ్లుతుంది, పైగా రాయి మెల్లగా ఒరిగిపోతుంది.

నీళ్లలో మునిగిన మట్టిలో జరిగేది తెలిస్తే మీకు భయం పోతుంది. మునిగిన కొన్ని రోజుల్లోనే బాక్టీరియా అందులోని ఆక్సిజన్‌ను వాడేస్తుంది. అప్పటిదాకా తుప్పులా గట్టిగా ఉన్న ఇనుము నీళ్లలో కరిగే రూపంలోకి మారుతుంది, దానికి అంటుకున్న భాస్వరం కూడా విడుదలవుతుంది. నీళ్లు నిలిచిన వరి మడిలో జరిగేదీ ఇదే. మట్టిలో కుళ్లే పదార్థం నుంచి బొగ్గుపులుసు వాయువు వస్తుంది, మొక్కలకు అదే ఆహారం. వేరే సిలిండరు పెట్టకుండానే ఈ తొట్టెలు పచ్చగా ఉండడానికి పెద్ద కారణం ఇదే. నీటి మొక్కల వేళ్లు తమ చుట్టూ ఆక్సిజన్‌ను కొంచెం కొంచెం వదులుతుంటాయి కాబట్టి మొక్కలు దట్టంగా ఉన్న చోట మట్టి పాడవదు. ఖాళీ చోట్లే పాడవుతాయి. మొదటి రోజునుంచే ఎక్కువ మొక్కలు నాటమని పోరేది ఇందుకే.

నాటడం

కంకర మీద రెండు మూడు సెంటీమీటర్ల నీళ్లు మాత్రమే ఉన్నప్పుడు నాటడం సులువు. ఆకులు ఎండిపోకుండా మధ్యమధ్య నీళ్లు చిలకరిస్తూ ఉండండి.

అడుగు భాగంలో కనీసం మూడింట రెండు వంతులు మొదటిరోజే మొక్కలతో నిండాలి. మూడు కాడలు నాటి, అవే పెరిగి నిండుతాయిలే అనుకుంటే ఆ ఖాళీని పాచి నింపుతుంది. అందంగా ఉండే నెమ్మది మొక్కల కన్నా ముందు వేగంగా పెరిగేవి కావాలి. నీళ్లలోకి వచ్చే అమ్మోనియాను పీల్చేసేది అవే. వాలిస్నేరియా, హైగ్రోఫిలా, రోటాలా, బకోపా, హార్న్‌వర్ట్ లాంటివి తీసుకోండి. హార్న్‌వర్ట్‌కు వేళ్లే ఉండవు, నీళ్లలో వదిలేస్తే చాలు. మట్టిని బాగా వాడుకునేవి అమెజాన్ స్వోర్డ్, క్రిప్టోకొరైన్, వాటిని మధ్యలో పెట్టండి. అమెజాన్ స్వోర్డ్ చిన్నగా కొంటాం కానీ ఈ తొట్టిలో అది ఒక్కటే సగం చోటు ఆక్రమిస్తుంది. ఒకటి చాలు, రెండోది వద్దు.

కాడ మొక్కల్ని కట్టగా గుచ్చకండి. ఒక్కో కాడ విడదీసి, కింది ఆకులు తుంచి, పొడవాటి ట్వీజర్స్‌తో ఏటవాలుగా మట్టి దాకా దింపి, కంకర సర్ది, ట్వీజర్స్‌ను మెల్లగా వదులు చేసి బయటికి తీయండి. వాలిస్నేరియా, అమెజాన్ స్వోర్డ్ లాంటి వాటిలో ఆకులూ వేళ్లూ కలిసే మొదలు కంకర పైనే ఉండాలి, పూడిస్తే కుళ్లుతుంది. అనూబియాస్, జావా ఫెర్న్ అసలు మట్టిలో నాటవద్దు. వాటి దుంపకాండాన్ని రాయికో మొద్దుకో దారంతో కట్టండి.

నీటి మీద తేలే మొక్కలు కొన్ని తప్పకుండా వేయండి. సాల్వీనియా, ఫ్రాగ్‌బిట్, అంతరతామర, ఏదైనా సరే. గాలిలోని బొగ్గుపులుసు వాయువు వాటికి నేరుగా అందుతుంది కాబట్టి నీళ్లలోని నత్రజనిని అందరికన్నా వేగంగా తినేస్తాయి, కింద కొంచెం నీడ కూడా ఇస్తాయి. మొదటి నెలలో నా తొట్టిని కాపాడింది ఇవేనని నా నమ్మకం. పైభాగంలో సగానికి మించి కప్పేస్తే ప్రతివారం గుప్పెడు తీసేయాలి, లేకపోతే కింది మొక్కలకు వెలుతురు ఉండదు.

కొత్త మొక్కల్ని తొట్టిలో పెట్టేముందు ఒక వారం బకెట్టులో ఉంచి రెండు మూడు సార్లు నీళ్లు మార్చడం మంచి అలవాటు. మందు అవశేషాలు ఉంటే కొంత పోతాయి. రొయ్యల్ని పెంచాలనుకునేవాళ్లకు ఇది మరీ ముఖ్యం. తూనీగ పిల్లపురుగులు కూడా మొక్కలతో కలిసి వస్తుంటాయి, చిన్న రొయ్యల్ని అవి ఒక్కటొక్కటిగా మాయం చేస్తాయి.

నీళ్లు, లైటు

నింపేటప్పుడు కంకర మీద ఒక పళ్లెం గానీ ప్లాస్టిక్ కవరు గానీ పరిచి, దాని మీద సన్నటి ధార పడేలా పోయండి. పది నిమిషాల పని గంట పట్టనివ్వండి. నిండాక కాస్త మసకగా ఉంటే ఆ రోజే సగం నీళ్లు తీసి మళ్లీ పోస్తే తేటపడుతుంది.

కుళాయి నీళ్లలో క్లోరిన్ ఉంటే ఒక రోజు తెరిచిన బకెట్టులో ఉంచితే పోతుంది. క్లోరిన్, అమ్మోనియా కలిసిన క్లోరమైన్ అయితే పోదు, దానికి క్లోరిన్‌ను విరిచే డీక్లోరినేటర్ చుక్కలు వేయాల్సిందే. ఏది కలుపుతున్నారో తెలియకపోతే చుక్కలు వేయడమే క్షేమం. ఆర్వో నీళ్లు ఒక్కటే వాడకండి. కాల్షియం, మెగ్నీషియం దాదాపు ఉండవు కాబట్టి మొక్కల ఎదుగుదల ఆగుతుంది, నత్తల గుల్లలు పలచబడతాయి.

ఫిల్టరు పెద్దది అక్కర్లేదు. నీళ్లు మెల్లగా తిరిగేలా ఒక స్పాంజ్ ఫిల్టరు చాలు. బుడగలు కుతకుతమని ఉడికేలా పెడితే మట్టి ఇచ్చిన బొగ్గుపులుసు వాయువంతా గాలిలోకి పోతుంది.

లైటు మొదటి నెల ఆరు గంటలు చాలు. వెలుతురు రంగును చెప్పే అంకె 6500 కెల్విన్ (6500K) దగ్గర్లో ఉండే తెల్లటి ఎల్ఈడీ బాగుంటుంది. టైమరు తప్పనిసరి, మన మతిమరుపు మీద ఆధారపడితే పాచి గ్యారంటీ. మొక్కలు కుదురుకున్నాక చాలామంది చేసే పద్ధతి ఒకటుంది. పొద్దున ఐదు గంటలు వెలిగించి, నాలుగు గంటలు ఆర్పి, మళ్లీ ఐదు గంటలు వెలిగిస్తారు. వెలుతురు ఉన్నంతసేపూ మొక్కలు బొగ్గుపులుసు వాయువును వాడేస్తాయి. ఆర్పిన నాలుగు గంటల్లో మట్టి మళ్లీ కొంత ఇస్తుంది.

ఆ ఆరు వారాలు

మొదటి రెండు వారాలు రోజు విడిచి రోజు మూడో వంతు నుంచి సగం దాకా నీళ్లు మార్చండి. మూడు, నాలుగు వారాల్లో వారానికి రెండుసార్లు. ఆ తర్వాత పరీక్ష చెప్పినట్టు. అమ్మోనియా, నైట్రైట్ పరీక్ష కిట్లు లేకుండా ఈ పని మొదలుపెట్టకండి. అవి లేకపోతే చీకట్లో నడిచినట్టే.

మట్టి నుంచి వచ్చే అమ్మోనియాను కొంత మొక్కలు తింటాయి. మిగిలినదాన్ని ఒక రకం బాక్టీరియా నైట్రైట్‌గా (అదీ చేపలకు విషమే), ఇంకో రకం ఆ నైట్రైట్‌ను నైట్రేట్‌గా మారుస్తాయి. ఈ బాక్టీరియా స్పాంజ్‌లో, కంకర మీద స్థిరపడడానికి సాధారణంగా నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. మామూలు తొట్టిలో నైట్రేట్ పెరగడాన్ని బట్టి పని పూర్తయిందని చెప్తారు. ఇక్కడ ఆ లెక్క పనిచేయకపోవచ్చు. నీటి మొక్కలు నైట్రేట్ కన్నా ముందు అమ్మోనియానే ఇష్టంగా తీసుకుంటాయి కాబట్టి నైట్రేట్ సున్నా దగ్గరే ఉండిపోతే కంగారు పడకండి. వరుసగా ఒక వారం అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నా చూపించాలి. నేను చూసేది అంతే.

నీళ్ల పులుపు, క్షారం ఎంతో చెప్పే అంకె పీహెచ్ (7 అంటే రెండూ కాని మధ్యస్థం), దాన్ని కూడా ఒకసారి చూసుకోండి. అదే అమ్మోనియా, పీహెచ్ 7 దగ్గర, 25 డిగ్రీల వేడిలో, అర శాతానికి కాస్త పైన మాత్రమే విషపు రూపంలో ఉంటుంది. పీహెచ్ 8కి పోతే అది 5 శాతం దాటుతుంది. గట్టి నీళ్లకు సాధారణంగా పీహెచ్ ఎక్కువ, అవి ఉన్నవాళ్లు ఇంకాస్త ఓపిక పట్టాలని చెప్పేది ఇందుకే.

ఈ రోజుల్లో మిమ్మల్ని భయపెట్టేవి చాలా కనిపిస్తాయి. నీళ్లు లేత గోధుమరంగులో ఉంటాయి, అది ఆకులూ మొద్దులూ వదిలే టానిన్ అనే రంగు పదార్థం, హాని లేదు. మొద్దు మీద తెల్లటి జిగురు పొర వస్తుంది, దానంతట అదే పోతుంది. గాజు మీద గోధుమరంగు పొడి పాచి పడుతుంది, గుడ్డతో తుడిచేయండి, కొన్ని వారాల్లో రావడం మానేస్తుంది. క్రిప్టోకొరైన్ ఆకులన్నీ కరిగిపోయి మొక్క చచ్చిందనిపిస్తుంది. పీకేయకండి, వేరు బతికే ఉంటుంది, కొత్త నీళ్లకు అలవాటైన ఆకులు మళ్లీ వస్తాయి. ఆకులు నీళ్ల బయట గాలిలో ఉండేలా పెంచి అమ్మిన మొక్కలు చాలావరకు ఇలా పాత ఆకులు వదిలేస్తాయి. కరిగిన ఆకుల్ని మాత్రం తీసేస్తూ ఉండాలి, లేకపోతే అవే అమ్మోనియా అవుతాయి.

కంకరలోంచి బుడగలు వస్తాయి. మంచిదే. వారానికోసారి సన్నటి వెదురు పుల్లతో ఖాళీ చోట్లలో అక్కడక్కడ గుచ్చి వదిలితే చిక్కుకున్న వాయువు బయటికి వచ్చేస్తుంది. కలియబెట్టవద్దు, గుచ్చి తీయడమే. కుళ్లిన కోడిగుడ్డు వాసన వస్తే అది హైడ్రోజన్ సల్ఫైడ్. కొద్దిగా వస్తే ఫర్వాలేదు, నీళ్లలోని ఆక్సిజన్ తగలగానే మారిపోతుంది. పుల్ల గుచ్చిన ప్రతిచోటా కొడుతుంటే మట్టి మందం ఎక్కువైందనో, బలం ఎక్కువైందనో అర్థం. రోజూ గుచ్చుతూ, వేళ్లు బాగా దిగే మొక్కల్ని ఆ చోట నాటండి. గాజు పక్కన మట్టిలో నల్లటి మచ్చలు కనిపిస్తే అది ఇనుము సల్ఫైడ్‌ను పట్టేసుకున్న గుర్తు, దాని జోలికి పోనక్కర్లేదు.

మొదటి ప్రాణిగా నత్తలు వేయండి. మలేషియన్ ట్రంపెట్ నత్త పగలు కంకరలో దూరి, రాత్రి బయటికి వస్తుంది. అడుగును మెల్లగా కదిలిస్తూ ఉండేది అదే. నత్తలు ఎక్కువైపోతున్నాయంటే మేత ఎక్కువ వేస్తున్నారని అర్థం. వాటిని తిట్టి లాభం లేదు.

చేపలు

మట్టిని తవ్వేవి, మొక్కల్ని తినేవి వద్దు. గోల్డ్‌ఫిష్ రెండూ చేస్తుంది. గప్పీ, చెర్రీ బార్బ్, హార్లెక్విన్ రస్బోరా, జీబ్రా డానియో లాంటి చిన్నవి చాలు. గట్టి నీళ్లుంటే గప్పీ, మెత్తటి నీళ్లుంటే రస్బోరా. గుంపుగా తిరిగే చేపను ఒకటీ రెండూ తేవద్దు, ఆరు తెండి. మొదటి విడత ఆరుతో ఆపి, రెండు వారాలు అమ్మోనియా చూసుకుని, అప్పుడు ఇంకో నాలుగైదు. గప్పీలైతే మీరు తేనక్కర్లేదు, అవే పెరుగుతాయి. చెర్రీ రొయ్యలకు రెండు మూడు నెలలు ఆగండి, ఆకుల మీద జిగురు పొర పట్టాక వాటికి మేత వెతుక్కునే అవసరం ఉండదు. రాగి ఉన్న చేపల మందు ఏదీ రొయ్యలున్న తొట్టిలో వేయకండి.

తెచ్చిన కవరును పావుగంట నీటి మీద తేలనిచ్చి, తర్వాత పది నిమిషాలకోసారి తొట్టి నీళ్లు కొంచెం కొంచెం కవరులో పోస్తూ గంట తర్వాత చేపల్ని మాత్రం వలతో తీసి వదలండి. కవరు నీళ్లు తొట్టిలో పోయకండి.

మేత రోజుకోసారి, రెండు నిమిషాల్లో అయిపోయేంత. చేపలు వచ్చాక మొక్కలకు ఎరువు అంటే ఈ మేతే. తిన్నది విసర్జన అవుతుంది, అది మొక్కల పాలవుతుంది.

తెల్లవారుజామున చేపలు పైకి వచ్చి నోరు తెరిచి గాలి అందుకుంటుంటే చూడండి. రాత్రిళ్లు మొక్కలు కూడా ఆక్సిజన్ వాడుకుంటాయి. మట్టి కూడా వాడుకుంటుంది. రాత్రిపూట మాత్రం ఎయిర్ పంపు నడిచేలా టైమరు పెడితే ఈ సమస్య తీరుతుంది.

తర్వాత చేసేది

కుదురుకున్న తొట్టికి రెండు మూడు వారాలకోసారి నాలుగో వంతు నీళ్లు మారిస్తే చాలు. ఆవిరైనదానికి మధ్యలో పోస్తుంటే ఉప్పులు పేరుకుంటాయి, అందుకే పోయడమే కాకుండా తీసి పోయాలి. సైఫన్ గొట్టాన్ని కంకరలోకి దింపవద్దు, మట్టి పైకి లేస్తుంది. పైపైన ఉన్న చెత్త మాత్రం లాగండి. స్పాంజ్‌ను తొట్టిలోంచి తీసిన నీళ్లలోనే పిండండి. కుళాయి కింద కడిగితే ఆరు వారాలు పెంచిన బాక్టీరియా కాలువ పాలు.

కత్తిరించడం ఆపకండి. కాడ మొక్కలు పైకి తగిలితే సగానికి కోసి, పైముక్కను మళ్లీ నాటుకోవచ్చు. ఒకేరోజు సగం తొట్టి కత్తిరించకండి, పీల్చేవాళ్లు తగ్గిపోయి మరుసటి వారమే పాచి వస్తుంది.

పాచి వచ్చిందంటే ముందు లైటు గంటలు తగ్గించండి, తేలే మొక్కలు పెంచండి, మేత తగ్గించండి. మందుల జోలికి నేను పోను. దారం పాచిని టూత్‌బ్రష్‌కు చుట్టి లాగేయొచ్చు. నీళ్లే ఆకుపచ్చగా మారితే లేదా నీలి ఆకుపచ్చ పొర దుప్పటిలా పరుచుకుని వాసన వస్తుంటే, ఆ పొరను చేత్తో తీయగలిగినంత తీసి, మూడు రోజులు తొట్టిని దుప్పటితో పూర్తిగా కప్పేయండి. ఆ మూడు రోజులూ ఎయిర్ పంపు నడవాలి, మేత వద్దు. తెరిచాక సగం నీళ్లు మార్చండి. నీలి ఆకుపచ్చ పొర నిజానికి పాచి కాదు, బాక్టీరియా.

ఆకులు మీకు కొంత చెప్తాయి. కొత్త ఆకులు పాలిపోయి వస్తే ఇనుము అందడం లేదు, మట్టి తొట్టిలో మొదటి సంవత్సరం ఇది అరుదు. పాత ఆకులు పసుపెక్కితే నత్రజని తక్కువ, అంటే చేపలు మరీ తక్కువో, తేలే మొక్కలు మరీ ఎక్కువో. పాత ఆకుల్లో సూది గుచ్చినట్టు చిల్లులు పడుతుంటే పొటాషియం తక్కువ. రెండు మూడేళ్లకు మట్టి బలం తగ్గాక బంకమన్నును చిన్న గోలీలుగా చేసి ఎండబెట్టి, పెద్ద మొక్కల వేళ్ల దగ్గర గుచ్చితే ఇంకొంతకాలం నడుస్తుంది.

పెద్ద మొక్కను తీసేయాల్సి వచ్చినప్పుడు మాత్రం జాగ్రత్త. రెండేళ్ల అమెజాన్ స్వోర్డ్‌ను నేను ఒక్క ఊపుతో పీకాను. దాని వేళ్లు తొట్టి అవతలి మూల దాకా పాకి ఉన్నాయి. సగం అడుగు దానితోపాటు లేచింది, చేపలు కనిపించలేదు, ఆ రాత్రి మూడుసార్లు నీళ్లు మార్చాను. మొక్క చుట్టూ సన్నటి కత్తెర కంకరలోకి దింపి వేళ్లు కోసేసి, మొదలు మాత్రం మెల్లగా తీయండి. లోపల మిగిలిన వేళ్లు కుళ్లి మట్టిలోనే కలిసిపోతాయి.

కత్తిరించిన ముక్కల్ని, ఎక్కువైన తేలే మొక్కల్ని, అక్కర్లేని నత్తల్ని చెరువులో, కాలువలో, వాననీటి కాల్వలో వేయకండి. గుర్రపుడెక్క దక్షిణ అమెరికా నుంచి ఇలాగే మనుషుల చేతుల మీదుగా ప్రపంచమంతా పాకి చెరువుల్ని కమ్మేసింది. సాల్వీనియాలో కొన్ని రకాలదీ అదే కథ. మొక్కల ముక్కల్ని ఎండలో పూర్తిగా ఎండబెట్టి కంపోస్టు గుంతలో వేయండి, నీళ్లు మార్చినప్పుడు తీసిన నీళ్లు కుండీ మొక్కలకు పోయండి.